పాత రాక్ బృందాల సింగిల్స్ చార్టులో జారిపోవడానికి కారణం పాటలోనే ఉందా?

యూటూ (U2) లాంటి పాత రాక్ బృందాల సింగిల్స్, అంటే ఆల్బమ్ నుంచి విడిగా అమ్మే పాటలు, వారం వారం వెలువడే చార్టులో ఎందుకు జారిపోతున్నాయి, వాళ్ల సంగీతంలో పస తగ్గిందా అని మీరు అడిగారు. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. యూటూ వంటి పేరున్న బృందం పాట విడుదలైన వారమే బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరి, మరుసటి వారానికే ఎందుకు దిగిపోయేది అన్నది మొదటిది. అదే బృందం కొత్త పాటలు ఈ మధ్య అంత ఎత్తుకే ఎందుకు వెళ్లడం లేదన్నది రెండోది. వాళ్ల సంగీతంలో పస తగ్గిందా అని మీరు చివర అడిగినదానికి ఈ రెండింటినీ విడదీసి చూస్తే గాని సమాధానం దొరకదు. నేను 2004లో మాస్టర్స్ చదవడానికి లీడ్స్ వెళ్లి, అక్కడ ఉన్నంత కాలం ఒక రికార్డుల దుకాణంలో పార్ట్‌టైం పని చేశాను. సింగిల్స్ అరలు సర్దడం, రద్దీ సమయంలో బిల్లు కౌంటరులో నిలబడడం నా పని. ఈ జారుడును చార్టు అంకెల్లో కంటే ముందు ఆ కౌంటరు దగ్గరే చూశాను కాబట్టి ఈ సమాధానం రాస్తున్నాను.

1976లో డబ్లిన్‌లో మొదలైన యూటూకు బ్రిటన్ సింగిల్స్ చార్టులో సొంత విడుదలలతో ఆరుసార్లు మొదటి స్థానం దక్కింది: 1988లో 'డిజైర్', 1991లో 'ద ఫ్లై', 1997లో 'డిస్కోతెక్', 2000లో 'బ్యూటిఫుల్ డే', 2004లో 'వర్టిగో', 2005లో 'సమ్‌టైమ్స్ యు కాంట్ మేక్ ఇట్ ఆన్ యువర్ ఓన్'. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా రెండో వారం ఆ స్థానంలో నిలవలేదు. 'ద ఫ్లై' సంగతి మరీ విచిత్రం. పదహారు వారాల పాటు ఎవరికీ చోటివ్వని బ్రయన్ ఆడమ్స్ పాటను దించిన ఆ పాట, తాను మాత్రం వారం తిరిగేసరికి దిగిపోయింది. 'డిజైర్' వచ్చేనాటికి బృందంలోని నలుగురిలో ఎవరికీ ముప్ఫై ఏళ్లు నిండలేదు. కాబట్టి మొదటి వారం ఎక్కి రెండో వారం దిగడం వయసు మీదపడిన బృందాలకు వచ్చే జబ్బు అనుకోవడానికి వీలు లేదు. కొసమెరుపు ఏమిటంటే, 2004 ఆరంభంలో ఎల్ఎంసీ అనే డాన్స్ సంగీత బృందం యూటూ 1987 నాటి 'విత్ ఆర్ వితౌట్ యు' బాణీని వాడుకుని చేసిన పాట మొదటి స్థానంలో రెండు వారాలు ఉంది. తాము సొంతంగా విడుదల చేసిన ఏ పాటతోనూ యూటూ బ్రిటన్‌లో సాధించలేనిదాన్ని, వాళ్ల పాత పాట ముక్క మరొకరి చేతిలో సాధించింది.

ఎందుకిలా జరిగేదో అర్థం కావాలంటే ఆ రోజుల్లో చార్టును ఎలా కట్టేవారో తెలియాలి. ఆదివారం నుంచి శనివారం దాకా దేశంలోని దుకాణాల బిల్లింగ్ యంత్రాల్లో నమోదైన అమ్మకాలను కూడి, ఆదివారం సాయంత్రం బీబీసీ స్టేషను రేడియో వన్‌లో చార్టును చదివేవారు. ఆ పాటను ఎందరు విన్నారు, ఎన్నిసార్లు విన్నారు, ఎంతగా మెచ్చుకున్నారు అన్నది ఈ లెక్కలోకి రాదు. ఆ వారంలో ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయన్నదొక్కటే వస్తుంది. కొత్త సింగిల్స్ సోమవారం విడుదలయ్యేవి. కానీ రేడియోలో ఆ పాట అంతకు కొన్ని వారాల ముందు నుంచే మోగుతూ ఉండేది. అంటే కొనాలనుకున్న ప్రతి ఒక్కరినీ సోమవారం దాకా ఆపి, ఒక్కసారిగా దుకాణంలోకి వదిలినట్టన్న మాట. దానికి తోడు మొదటి వారం ధర తక్కువగా పెట్టి తర్వాత పెంచేవారు. ఒకే సింగిల్‌ను రెండు సీడీలుగా, కొన్నిసార్లు ఒక డీవీడీతో కలిపి, ఒక్కొక్క దానిలో వేర్వేరు అదనపు పాటలు పెట్టి విడుదల చేసేవారు. మూడూ కొన్న అభిమాని చార్టు లెక్కలో ముగ్గురు మనుషులతో సమానం. ఈ పద్ధతి పాత బృందాలకే పరిమితం కాదు. 2000 సంవత్సరంలో ఒక్క ఏడాదిలోనే నలభైకి పైగా పాటలు మొదటి స్థానాన్ని అందుకున్నాయంటే, అందరి పాటలూ అలాగే ఎక్కి దిగుతున్నాయని తెలుస్తుంది. అయితే ఈ పద్ధతి అందరికంటే ఎక్కువగా అతికింది మాత్రం దీర్ఘకాలపు అభిమానులున్న బృందాలకే.

మా దుకాణంలో సోమవారం మధ్యాహ్న భోజన విరామంలో వచ్చేవాళ్లు వేరు, శనివారం వచ్చేవాళ్లు వేరు. యూటూ పాట విడుదలైన సోమవారం కౌంటరు దగ్గరికి వచ్చినవారిలో ఆఫీసు దుస్తుల్లో ఉన్న ముప్ఫై ఐదు, నలభై ఏళ్ల మగవాళ్లు ఎక్కువ. వాళ్లు పాట వినిపించమని అడిగేవారు కాదు, అరల ముందు నిలబడి ఆలోచించేవారు కాదు. రెండు సీడీలూ తీసుకుని, డీవీడీ ఏ అరలో ఉందో అడిగి, డబ్బులిచ్చి వెళ్లిపోయేవారు. శనివారం చేతిఖర్చు డబ్బులతో వచ్చే పిల్లలు అలా కాదు. వారమంతా టీవీలో, రేడియోలో, స్నేహితుల దగ్గర విన్న పాటను వెతుక్కుంటూ వచ్చేవారు, ఆ పాట విడుదలై మూడు వారాలైనా వాళ్లకు పట్టింపు ఉండేది కాదు. శుక్రవారం సాయంత్రానికే యూటూ అర కదలడం మానేసేది. మన దగ్గర పెద్ద హీరో సినిమాకు తెల్లవారుజాము ఆటలతో మొదలై ఆదివారం రాత్రి దాకా హౌస్‌ఫుల్ బోర్డులు పడి, సోమవారం నుంచి హాల్లో సీట్లు ఖాళీగా కనబడడం మీకు తెలిసినదే. జరిగేది సరిగ్గా అదే. అభిమానులందరూ చూసేశాక మామూలు ప్రేక్షకుడు కదిలి రావాలి. అతను రాకపోతే వసూళ్ల పట్టిక అక్కడితో ఆగిపోతుంది.

'వర్టిగో' విషయంలో మరో కారణం కూడా కలిసింది. ఆ పాట 2004 నవంబరు 8న సింగిల్‌గా వచ్చేసరికే ఆపిల్ ఐపాడ్ ప్రకటనలో టీవీలో మోగిపోతోంది. ఆపిల్ సంస్థ ఈ బృందం పేరుతో నలుపు, ఎరుపు రంగుల్లో ప్రత్యేకంగా ఒక ఐపాడ్‌నే విడుదల చేసింది. ఆ పాట ఉన్న ఆల్బమ్ మాత్రం నవంబరు 22న రాబోతోంది. రెండు వారాల్లో పూర్తి ఆల్బమ్ చేతికొస్తుందని తెలిసిన మామూలు శ్రోత, ఒక్క పాట కోసం సింగిల్ ఎందుకు కొంటాడు? సేకరణ అలవాటున్న అభిమాని కొంటాడు, అదీ మొదటి వారమే కొంటాడు. రెండో వారంలో మొదటి స్థానం గర్ల్స్ అలౌడ్ బృందానికి వెళ్లిపోవడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. అప్పట్లో మా మేనేజరు కూడా రెండో వారానికి ఆ సింగిల్ కొత్త స్టాకు తెప్పించలేదు, ఆల్బమ్ పెట్టెలకు చోటు చేయడం మొదలుపెట్టాడు.

మరి 2005 ఫిబ్రవరిలో వచ్చిన 'సమ్‌టైమ్స్' సంగతి ఏమిటి? ఆల్బమ్ అమ్మకానికి వచ్చి మూడు నెలలవుతున్నా అది మొదటి స్థానం అందుకుంది కదా అని మీరు అడగవచ్చు. దీనికి పాట గొప్పతనం ఒక కారణమే. యూటూ గాయకుడు బోనో తండ్రి మరణం నుంచి వచ్చిన ఆ పాట నాకు చాలా ఇష్టం. కానీ ఏడాదిలో సింగిల్స్ అమ్మకాలు బాగా పలుచబడే కాలం అది. ఆ జనవరిలోనే ఎల్విస్ ప్రెస్లీ డెబ్భయ్యో జయంతి సందర్భంగా అతని పాత సింగిల్స్‌ను వారానికొకటి చొప్పున పరిమిత సంఖ్యలో మళ్లీ విడుదల చేయగా, వాటిలో మూడు మొదటి స్థానానికి వెళ్లాయి. అర్ధ శతాబ్దం నాటి పాటలను సేకరణ కోసం కొనేవాళ్లే చార్టును గెలవగలిగారంటే పోటీ ఎంత తక్కువగా ఉందో ఊహించుకోవచ్చు. స్థానం అనేది మన అమ్మకాల మీదే కాక, ఆ వారం పక్కవాడి అమ్మకాల మీద కూడా ఆధారపడుతుంది. అందుకే ఒక బృందం పాటలు వరుసగా 1, 1, 2, 4 స్థానాల్లో నిలిచాయని చూసి వాళ్ల ఆదరణ అదే క్రమంలో తగ్గిందని తేల్చడం తొందరపాటు. యూటూ అదే ఆల్బమ్ నుంచి 2005లో తెచ్చిన తర్వాతి రెండు సింగిల్స్ రెండు, నాలుగు స్థానాలకు చేరాయి. అప్పటికి ఆ పాటలు కావలసినవాళ్లలో చాలామంది దగ్గర ఆల్బమ్ ఉన్నదన్న సంగతి గుర్తుంచుకుంటే, అవి అంత పైకి వెళ్లడమే విశేషం.

ఇదే బృందం అమెరికాలో వేరుగా కనబడుతుంది. 1987లో అక్కడి ప్రధాన సింగిల్స్ చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 'విత్ ఆర్ వితౌట్ యు' మూడు వారాలు, ఆ తర్వాత 'ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్' రెండు వారాలు మొదటి స్థానంలో ఉన్నాయి. బ్రిటన్‌లో మొదటి పాట నాలుగో స్థానం దాటలేదు. హాట్ 100లో అమ్మకాలతో పాటు రేడియో ప్రసారాలు కూడా లెక్కకు వస్తాయి. రేడియోలో పాట నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, అందుకే ఆ చార్టులో జారుడు వాలుగా ఉంటుంది. బ్రిటన్‌లో కేవలం అమ్మకాలే కాబట్టి నిట్టనిలువుగా కనబడింది.

అలాగని బ్రిటన్ చార్టులో రేడియోకు పాత్ర లేదనుకోకూడదు. అభిమాని కాని మనిషిని దుకాణానికి రప్పించేది రేడియోనే, పాత బృందాలకు మొదట మూసుకుపోయిన తలుపు కూడా అదే. 1990ల మధ్య నాటికి రేడియో వన్ యువ శ్రోతల స్టేషనుగా తనను తాను మార్చుకుంది. 1996లో స్టేటస్ కో అనే బృందం బీచ్ బాయ్స్‌తో కలిసి పాడిన సింగిల్‌ను రేడియో వన్ ప్లేలిస్టులో చేర్చకపోవడంతో ఆ బృందం ఏకంగా కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. 1968 నుంచి హిట్లు ఇస్తున్నవాళ్లు! ఆ పాట 24వ స్థానం దగ్గర ఆగింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందానిది. 1990 డిసెంబరు 24న విడుదల చేసిన 'బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్' రేడియోలో దాదాపు వినబడకుండానే మొదటి స్థానం అందుకుని రెండు వారాలు ఉంది. క్రిస్మస్ తర్వాత దుకాణాలు వెలవెలబోయే వారాన్ని ఎంచుకుని, అభిమానులను ఒక్కసారిగా దింపిన ఫలితమది. రేడియో లేకపోయినా అభిమానులు శిఖరం దాకా మోసుకెళ్లగలరు, కానీ ఏ వారమైనా అలా మోయగలరని చెప్పలేము.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. యూటూ సింగిల్స్ పడిపోవడం స్పష్టంగా కనబడిన ఏడాది 2009. 'గెట్ ఆన్ యువర్ బూట్స్' 12వ స్థానం దగ్గర ఆగింది, తర్వాతి సింగిల్ 'మాగ్నిఫిసెంట్' 42వ స్థానం దాటలేదు. అప్పటికి ఆట నియమాలు మారిపోయాయి. 2005 ఏప్రిల్ నుంచి డౌన్‌లోడ్‌లు బ్రిటన్ చార్టు లెక్కలోకి వచ్చాయి, 2007 జనవరి నుంచి సీడీ లేకపోయినా డౌన్‌లోడ్ ఒక్కటే చాలునన్నారు. 'బూట్స్' డౌన్‌లోడ్ జనవరిలోనే దొరికింది, సీడీ ఫిబ్రవరి మధ్యలో వచ్చింది. అంటే ఒకప్పుడు ఒకే సోమవారం వచ్చిపడే అభిమానులు ఇప్పుడు నాలుగు వారాల మీద పరుచుకున్నారు. కొనేవాళ్లు అంతే ఉన్నా శిఖరం తగ్గుతుంది. పైగా ఆల్బమ్‌లో నచ్చిన పాటను విడిగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు వచ్చాక, సింగిల్ కోసం ఎదురుచూసే అవసరమే పోయింది. ప్రచారం తక్కువైందని అనడానికి కూడా లేదు. ఆ ఫిబ్రవరిలో బృందం లండన్‌లోని బీబీసీ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ పైకప్పు మీదనే వాయించింది. ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానం అందుకుంది. ఆ వెంటనే మొదలై 2011లో ముగిసిన 360 డిగ్రీల యాత్ర 110 ప్రదర్శనలతో, డెబ్భై లక్షలకు పైగా ప్రేక్షకులతో, దాదాపు 73.6 కోట్ల డాలర్ల వసూళ్లతో అప్పటికి ప్రపంచ రికార్డు. అదే బృందం, అదే ఏడాది, ఒక పట్టికలో 42, మరో పట్టికలో మొదటి స్థానం.

అయితే నెపమంతా నియమాల మీద వేసి పాటను పూర్తిగా వదిలేయడం నాకు ఇష్టం లేదు. 'గెట్ ఆన్ యువర్ బూట్స్' బలహీనమైన ఎంపిక అని నా అభిప్రాయం. గిటారు మోతలో 'వర్టిగో'ను గుర్తుకుతెస్తుంది, కానీ రెండుసార్లు విన్నాక కూడా పాడుకోవడానికి ఒక పల్లవి నోటికి రాదు. అదే ఆల్బమ్‌లో ఏడు నిమిషాలకు పైగా సాగే 'మొమెంట్ ఆఫ్ సరెండర్' ఉంది. రేడియోకు పనికిరాని నిడివి, కానీ ఆ ఆల్బమ్‌కు ప్రాణం. యువకులతో పోటీ పడగలమని చూపించుకోవాలన్న తొందరలో పాత బృందాలు తమకు బాగా వచ్చినదాన్ని పక్కనపెట్టి, తమకంటే చిన్నవాళ్లు బాగా చేసేదాన్ని ముందు పెడుతుంటాయి. పస తగ్గిందా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: పస కంటే ముందు ఎంపికలో తడబాటు కనబడుతోంది. 2014 సెప్టెంబరులో ఆపిల్‌తో ఒప్పందం చేసుకుని దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి అడగకుండానే కొత్త ఆల్బమ్‌ను ఉచితంగా చేర్చడం కూడా ఆ కోవలోదే. ఉచితంగా ఇచ్చినది చార్టు లెక్కకు రాదు. ఇంటికే వచ్చిపడినదాన్ని దుకాణానికి వెళ్లి కొనాలన్న కోరిక అభిమానికైనా సన్నగిల్లుతుంది. మరుసటి నెల అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో ఆరో స్థానంతో సరిపెట్టుకుంది.

అదే 2014 జులైలో స్ట్రీమింగ్ కూడా బ్రిటన్ సింగిల్స్ చార్టులోకి వచ్చింది. 100 సార్లు వింటే ఒక అమ్మకంతో సమానం అన్నారు. పాత బృందాలకు అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. మా కౌంటరు దగ్గర రెండు సీడీలు, ఒక డీవీడీ కొన్న అభిమాని క్షణంలో మూడు అమ్మకాలు జమ చేసేవాడు, ఇంటికి వెళ్లి విన్నా వినకపోయినా చార్టుకు పట్టదు. ఆ లెక్కన అదే మూడు అమ్మకాల బరువు రావాలంటే అతను ఆ పాటను 300 సార్లు వినాలి. ఉద్యోగం, పిల్లలు, ఇంటి అప్పు ఉన్న నలభై ఐదేళ్ల మనిషికి అది సాధ్యమయ్యే పని కాదు. కాలేజీ బస్సులో అదే పాటను పదే పదే వినే పద్దెనిమిదేళ్ల పిల్లకు అది పని కూడా కాదు. పైగా ఈ అభిమాని యూటూ వినాలనుకున్నప్పుడు ముందుగా పెట్టుకునేది 1987 నాటి పాటనే. బృందం కొత్త పాటకు మొదటి పోటీదారు దాని పాత పాటే. పోనీ ఆ పాత పాటైనా చార్టులోకి ఎక్కుతుందా అంటే, 2017లో తెచ్చిన నియమం ప్రకారం పాతబడిన పాటల స్ట్రీమ్‌లకు సగం విలువే కడతారు. ఆ ఏడాది మార్చిలో ఎడ్ షీరన్ పాటలు ఒకే వారంలో మొదటి ఇరవైలో పదహారు చోట్లు ఆక్రమించాక, కొత్తవారికి దారి దొరకాలని చేసిన ఏర్పాట్లలో ఇదొకటి. 2022లో కేట్ బుష్ పాత పాట ఒక టీవీ ధారావాహిక పుణ్యమా అని మళ్లీ ఊపందుకున్నప్పుడు, ఈ నియమం నుంచి ప్రత్యేక మినహాయింపు ఇస్తే గాని అది మొదటి స్థానానికి రాలేకపోయింది.

2019 డిసెంబరు 15న యూటూ మొదటిసారి భారతదేశంలో, నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో ప్రదర్శన ఇచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ని. అంతకు కొన్ని వారాల ముందే వాళ్లు ఏఆర్ రెహమాన్‌తో కలిసి 'అహింస' అనే కొత్త పాటను విడుదల చేశారు. భారతీయ శ్రోతకు అంతకంటే దగ్గరి దారి ఏముంటుంది? అయినా ఆ రాత్రి స్టేడియం మొత్తం గొంతు కలిపింది 1987 నాటి 'ద జాషువా ట్రీ' ఆల్బమ్ పాటలకే. ఆ యాత్ర పేరే ఆ ఆల్బమ్‌ది. నా పక్కన ఉన్న కుర్రవాళ్లు ఆ ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టి ఉండరు, కానీ ఒక్క మాట తప్పకుండా పాడారు. వాళ్లను అభిమానులు కారనగలమా? వాళ్లు వినే పాటలు ఏ వారపు చార్టులోనూ కనబడవు, అంతే.

సీడీలు, ఎల్పీలు కొనే పాత అలవాటు పూర్తిగా పోలేదు, అది సింగిల్స్ నుంచి ఆల్బమ్‌లకు మారింది. తమ పాత పాటలనే మళ్లీ కొత్తగా వాయించి యూటూ 2023 మార్చిలో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ సరెండర్' బ్రిటన్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానం అందుకుంది. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ కొత్త ఆల్బమ్ కూడా మొదటి స్థానానికి వచ్చింది, దాని నుంచి ముందుగా వచ్చిన సింగిల్ మాత్రం 34వ స్థానం దగ్గర ఆగింది.

ఇకముందు ఏ బృందం గురించైనా చార్టు చూసి ఒక అభిప్రాయానికి రావాలనుకుంటే, పాట అందుకున్న అత్యున్నత స్థానాన్ని ఒక్కదాన్నే కాకుండా, దాని పక్కనే ఉండే ఎన్ని వారాలు చార్టులో ఉందన్న గడిని కూడా చూడండి. మొదటిది ఆ బృందం అభిమానుల వేగాన్ని చెబుతుంది, రెండోది అభిమానులు కానివాళ్లు ఎందరు వచ్చి చేరారో చెబుతుంది. ద కిల్లర్స్ బృందం పాట 'మిస్టర్ బ్రైట్‌సైడ్' 2004లో పదో స్థానం దాకా వెళ్లి ఆగిపోయింది. మా దుకాణంలో ఆ సింగిల్‌ను తగ్గింపు ధరల బుట్టలోకి మార్చింది నేనే. అది ఈనాటికి బ్రిటన్ టాప్ 100లో 400 వారాలకు పైగా గడిపింది.